మేకు

ఆ శీతకాలం నాకు పదకొండేళ్ళు.
లైడెన్‌లో, ఉన్నికి అద్దిన రంగు
కాలువలోకి కారే సందులో
వోల్కెర్ట్ గారి దగ్గర రంగులు నూరేవాణ్ణి.
సీసపు తెలుపు, అవిసె నూనె,
ఎంత తోమినా గోళ్ళ కింద నుంచి పోని మట్టిపసుపు.

వెలుతురు ఆమె ఇంట్లోనే బాగుందని
చట్రం, తైలాలు మోసుకుని మేమే వెళ్ళాం.
హిల్లెగోండ్ రాట్నం తిప్పి బతికే ముసలిది.
ఒక్క గది, ఒక్క కిటికీ,
పొయ్యిలో అలిగి కూర్చున్న తడి బొగ్గుమట్టి.
కూలి రోజుకు నాలుగు స్టైవర్లు.
గంజి మాత్రం ఆమెదే.

"ప్రార్థన చెయ్యి" అన్నాడాయన.
చేసింది.
పెదవులు కదిలాయి, ఆగాయి,
చెయ్యి చెంచా మీదికి పోయింది.
"అప్పుడేనా?"
"అయిపోయింది బాబూ.
బార్లీ గంజికి ఎంత పొడుగు ప్రార్థన కావాలి?"

మళ్ళీ కూర్చోబెట్టాడు, వేళ్ళలో వేళ్ళు పెనవేయించి.
గంజి మీద తొరక కట్టింది.
ఈగ కూడా లేని చలి.
మధ్యాహ్నమయ్యేసరికి ఆ చేతుల్లో దేవుడు లేడు,
కీళ్ళనొప్పులే ఉన్నాయి.
ఆ నొప్పినే ఆయన భక్తిగా గీశాడు.
నాకు తెలుసు.
ఆ బొటనవేలి వంకరకి కావలసిన గోధుమరంగు
నేనే నూరిచ్చాను.

మూడోరోజు గోడ దాకా వచ్చాడు.
పొగచూరిన గోడ. దానికో మేకు.
మేకు కింద ఒక్కచోట మాత్రం తెల్లగా,
నిలువు జానెడు,
అడ్డం బెత్తెడు.

నేను చూడడం ఆమె చూసింది.
"కుర్రాడా, పొయ్యి ఆరిపోతోంది, చూడు."

మా ఊళ్ళో అందరికీ తెలుసు.
ఆదివారాలు కొందరు
బుట్ట మీద తువ్వాలు కప్పుకుని
ధాన్యం కొట్టు అటకెక్కుతారు.
అక్కడ గంట మోగదు, పాట గొంతు దాటదు.
కొత్వాలు డబ్బు తీసుకుని తల తిప్పుకుంటాడు.
వాళ్ళింట్లో ఏదీ నోట పెట్టకురా అనేది అమ్మ.
నేనప్పటికే రెండు చెంచాలు తాగేశాను.

వోల్కెర్ట్ గారు కుంచె పళ్ళ మధ్య కరిచి
చాలాసేపు నిలబడ్డాడు.
ఆయనది బొమ్మలేని తెల్లగోడల గుడి,
గంటన్నర ప్రసంగం,
ముందు వరసలో సొంత బల్ల.
గోడంతా ఒకే రంగు పూసుకుంటూ వచ్చాడు.
జానెడూ పోయింది, బెత్తెడూ పోయింది.
తరవాత నావైపు చూడకుండానే చెయ్యి చాచాడు.
"అన్నిటికన్నా సన్నది ఇవ్వు."

మేకు వేశాడు.
మేకుకి నీడ వేశాడు,
మేకుకన్నా పొడుగ్గా.

ఆమె లేచి వచ్చి మొదటిసారి బొమ్మ చూసింది.
తన మొహం చూసుకోలేదు.
"మేకు ఉంచావు."
"మేకేగా" అన్నాడు.
"అవును. మేకేగా."

ఆ పూట గంజి మళ్ళీ వెచ్చబెట్టి
ముగ్గురికీ పోసింది.
రొట్టె కోసే ముందు
బొటనవేలితో దానిమీద ఏదో గీసింది.
ఆయనకి అప్పుడే దగ్గొచ్చింది,
కిటికీ వైపు తిరిగి దగ్గాడు.
చాలాసేపు దగ్గాడు.

బొమ్మని బీరు కాచే షావుకారు కొన్నాడు.
రొట్టె పెచ్చు భలే కుదిరిందన్నాడు.
మా పాదిరి గారొచ్చి
మన ఇళ్ళలో భక్తంటే ఇదీ, అట్టహాసం లేకుండా, అన్నారు.
వోల్కెర్ట్ గారు వినయంగా తల వంచారు.
నేను నూరుతూనే ఉన్నాను.

ఈస్టర్‌కి వారం ముందు హిల్లెగోండ్ పోయింది.
పిండిడబ్బా అడుగున ఎవరికేం దొరికిందో నాకు తెలీదు,
అడగలేదు.
ఇంటివాడు సున్నం కొట్టించాడు.
కొత్తగా దిగిన నేతగాడు
ఆ మేకుకి టోపీ తగిలించాడు.

వీధిలోంచి పోతూ కనిపించేది,
పెద్ద టోపీ,
దాని నీడా పెద్దదే.